పత్తి జోకిన పిల్ల వెంట ఆదిలాబాద్ దాకా

తెనాలి చేరి నెల దాటింది. కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. చల్లారలేదు. ఇక ఆగడం దండగ.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మా వాళ్లెవరూ పెద్దగా వెళ్లరు. హైదరాబాద్ దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. నేనూ అంతే. ఇరవై రెండేళ్లుగా డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతున్నాను. వ్యవస్థాపకత మీద ఒక పాఠ్యపుస్తకం కూడా రాశాను. ఉద్యోగం కోసం చూడకుండా సొంతంగా ఒక పని ఎలా మొదలుపెట్టాలో పిల్లలకు చెప్పే పుస్తకం. అది రాసిన నేను ఇన్నేళ్లలో ఎవరికీ ఒక పెన్సిలైనా అమ్మలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నాకూ తోచలేదు.

ఆ పుస్తకం చూసే కరీంనగర్ దగ్గరి ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు పిలిచారు. విద్యార్థుల వ్యాపార ఆలోచనలకు పోటీ పెడుతున్నాం, న్యాయనిర్ణేతగా రండి అన్నారు. పోటీ అయ్యాక కొండగట్టు, ధర్మపురి చూసుకుని ఇంటికి వెళ్లిపోదామని బయల్దేరాను.

కరీంనగర్: వేదిక

ఊరి బయట, మొక్కజొన్న చేల మధ్య కొత్త భవనం. లోపలికి అడుగుపెట్టగానే గోడల నిండా రాతలు. పెద్ద కలలు కను. ఓటమికి భయపడకు. ఉద్యోగం అడగకు, ఉద్యోగం ఇవ్వు. నీళ్లు తాగే కుళాయి పైన కూడా ఒకటి రాశారు. కుళాయిలో మాత్రం నీళ్లు రాలేదు.

తొమ్మిది జట్లు. న్యాయనిర్ణేతలం ముగ్గురం: నేను, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక శిక్షకుడు, రిటైరైన బ్యాంకు మేనేజర్ ఒకాయన. మా చేతికి మార్కుల కాగితం ఇచ్చారు. అందులో ఇంగ్లిష్‌లో మాట్లాడే నేర్పుకు ఒక గడి, వ్యాపారం దేశమంతా విస్తరించే అవకాశానికి ఒక గడి, వేషధారణకు ఒక గడి ఉన్నాయి. ఇప్పటిదాకా ఒక్క మనిషికైనా పనికొచ్చిందా అని అడిగే గడి లేదు. అప్పుడు నాకది లోటుగా అనిపించలేదు. నా పుస్తకంలో ఇచ్చిన నమూనా కాగితం కూడా దాదాపు అలాంటిదే.

పత్తి ఏరే కూలీలను ఫోన్‌లో పిలిపించుకునే యాప్ ఒకటి చూపించారు ముగ్గురబ్బాయిలు. బొమ్మలు బాగున్నాయి. కూలీలతో ఎప్పుడైనా మాట్లాడారా అని అడిగాను. "ఆన్‌లైన్‌లో రిసెర్చ్ చేశాం మేడం" అన్నాడు టై కట్టుకున్న అబ్బాయి. హాలంతా చప్పట్లు.

ఆరో పేరు పిలిస్తే ఒక అమ్మాయి గోనెసంచిని ఈడ్చుకుంటూ వేదిక ఎక్కింది. సన్నగా, పొట్టిగా ఉంది. సంచి విప్పి లోపలి నుంచి ఒక కాంటా తీసింది. కిరాణా కొట్లో బియ్యం బస్తాలు తూచే బల్ల కాంటా. దాన్ని వేదిక మీద పెట్టి, కొంగు సర్దుకుని చెప్పింది.

"నమస్తే. నా పేరు సుగుణ. బీకాం రెండో సంవత్సరం. మాది ఉట్నూర్ అవతల. మా దిక్కు సేట్లు ఊర్లకు వచ్చి పత్తి కొంటరు. వాళ్లు జోకుడుల మోసం ఉంటది. సేటు రాకముందుగాల నేను కాంటా పట్టుకపోయి జోకి, ఎంతున్నదో కాయితం మీద రాసిస్త. సంచికి పది రూపాయలు. గంతే."

జోకడమంటే అక్కడ తూచడం. రెండు నిమిషాల్లో ముగిసింది. శిక్షకుడు నవ్వి, దీన్ని పది రాష్ట్రాలకు ఎలా తీసుకెళ్తావని ఇంగ్లిష్‌లో అడిగాడు. ఆ పిల్లకు ప్రశ్న అర్థమైంది, జవాబు తెలుగులో చెప్పింది.

"పది రాష్ట్రాల సంగతి నాకు తెల్వది సార్. పదకొండు ఊర్లల్ల జోకుతున్న."

కొందరు నవ్వారు. నేను ఇంగ్లిష్ గడిలో పదికి మూడు వేశాను. విస్తరణ గడిలో రెండు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని వేయించలేదు. ఈ మాట దాచిపెట్టి మిగతా వాళ్లను తిడితే నేను రాసేదానికి విలువుండదు.

మొదటి బహుమతి యాప్ వాళ్లకు వెళ్లింది. సుగుణకు ప్రోత్సాహక బహుమతి. రంగు కాగితం చుట్టిన ఆ పొట్లాన్ని నా చేతుల మీదుగానే ఇప్పించారు. లోపల ఉన్నది నా పుస్తకం. ఫోటోకు అందరూ వేదిక మీద నిలబడాలి, చోటు చాల్లేదు. కాలేజీ వాళ్లు కాంటాను పక్కకు జరపబోయి వేదిక మీంచి కింద పడేశారు. ఆ చప్పుడుకు హాలంతా ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఫోటోలో పడింది. సుగుణ ఒక్కతే కిందికి దూకింది. అందుకే ఆ ఫోటోలో తను లేదు.

గేటు దగ్గర నా కారు కోసం నిలబడి ఉంటే దగ్గరకొచ్చింది. సంచి భుజాన ఉంది.

"మేడం, ఒక మాట అడుగుత. నాకు మార్కులు ఎందుకు తక్కువ పడ్డయి? తప్పు ఏడున్నదో చెప్తె సరిచేసుకుంట."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. కాంటా పనిచేస్తోందా అని మాట మార్చాను. మీట నొక్కింది. అంకెలు ఒక చోట నిలవకుండా పరుగెడుతున్నాయి.

గడియారం వెనక కొట్టు

మర్నాడు ఉదయం నేను కొండగట్టు బస్సెక్కాల్సింది. ఎక్కలేదు. సుగుణ వెంట ఊరి నడుమ గడియార స్తంభం వెనక సందులో ఒక కాంటా రిపేరు కొట్టుకు వెళ్లాను. మనిషి పట్టేంత కొట్టు. నడుమ ఖదీర్ అనే పెద్దాయన, చుట్టూ పళ్లేలు, గొలుసులు, ఇనప రాళ్లు. నలభై ఏళ్లుగా ఇదే పని. సుగుణ రెండేళ్ల కిందట పాత కాంటా కొన్నది ఆయన దగ్గరే.

"క్యా బేటీ, బిడ్డను పండవెట్టినట్టు చూసుకునేదానివి. గిట్లెట్ల పడేసినవ్?"

"నేను పడేయలే చాచా. కాలేజోళ్లు పడేసిన్రు."

ఆయన కాంటా అందుకున్నాడు. నాకు ఒక స్టూలు తుడిచి వేసి, ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు. మా వైపు టీ అంటే గ్లాసు నిండా పోస్తారు. ఇక్కడ చిన్న కప్పులో చిక్కగా, తీపిగా, పక్కన ఉప్పు బిస్కెట్టుతో వస్తుంది. పది రూపాయలు. ఇవ్వబోతే ఖదీర్ భాయ్ చేయి అడ్డం పెట్టాడు.

కాంటా విప్పి లోపలి ముక్క ఒకటి మార్చాడు. ఒక్కో తూకపు రాయి పెట్టి చూస్తూ అంకె కుదిరేదాకా సరిచేశాడు. ప్రతి అడుగూ సుగుణతో చేయించి, తప్పు చేస్తే విప్పించి మళ్లీ చేయించాడు. నేను చూసిన క్లాసుల్లో ఇంత బాగా పాఠం చెప్పింది ఎవరా అని ఆలోచిస్తే ఒక్క పేరూ గుర్తురాలేదు, నా పేరుతో సహా.

అప్పుడు సుగుణ అడిగింది. "చాచా, పోయిన వారం సేటు నాతోని లొల్లి పెట్టుకున్నడు. నీ కాంటాకు ముద్ర లేదు, కేసు పెట్టిస్త అన్నడు. నిజమేనా?"

ఖదీర్ భాయ్ చేతిలో పని ఆపాడు. "నిజమే బేటీ. పైసలు తీసుకుని జోకినవంటే సర్కారు ముద్ర ఉండాలె. నువ్వు ఇంటి వాడకానికే కొన్నవనుకున్న నేను. రిపేరు చేసినంక మల్ల వేయించాలె. ఆదిలాబాద్‌ల ఆఫీసున్నది. కాంటా పట్టుకపోతే పరీక్ష చేసి వేస్తరు. ఫికర్ జెయ్యకు, పెద్ద పని కాదు."

సుగుణ నా వైపు తిరిగింది. "నాకు ముద్ర సంగతి చెప్పింది కాలేజీ కాదు మేడం. నన్ను బెదిరిచ్చిన సేటు."

ఆ కాలేజీలో స్టార్టప్ సెల్ ఉంది. దానికి ఏసీ గది ఉంది. సుగుణ అక్కడ మూడు నెలలు శిక్షణకు కూచుంది. గెలుపు ఊహించుకోవడం, చేతులు ఊపుతూ మాట్లాడటం, కలల పటం గీయడం నేర్పారు. తూకాల వ్యాపారం చేస్తున్న పిల్లకు, కాంటాకు ముద్ర వేయించుకోమ్మా అని ఒక్కరూ చెప్పలేదు. నా పుస్తకం రెండు వందల నలభై పేజీలు. అందులో వ్యవస్థాపకుడి మనస్తత్వం మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది. తూనికలు, కొలతల మాట ఎక్కడా లేదు. రాసింది నేనే కాబట్టి వెతకనక్కర్లేకపోయింది. ఆ స్టూలు మీద నాకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి.

వచ్చేటప్పుడు ఖదీర్ భాయ్ ఒక ఇనప రాయి తీసి సుగుణ ముందు పెట్టాడు. అక్కడ దాన్ని బాటు అంటారు. ఇరవై కిలోలది. "దీనికి ముద్ర ఉన్నది చూడు. నీ కాంటా రోజూ దీంతోని చూసుకో. పనయినంక వాపస్ పంపు."

"ఇది నేను మోస్తాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ మాటతో నా ప్రయాణం దారి మారింది.

ధర్మపురి: మిర్చి బండి

జగిత్యాల మీదుగా ధర్మపురి బస్సు. రాయి నా ఒళ్లో, కాంటా సుగుణ కాళ్ల దగ్గర. కండక్టర్ రెండింటికీ లగేజీ టికెట్ కొట్టాడు. కొండగట్టు మలుపు దగ్గర బస్సు ఆగితే కిటికీలోంచి ఒక కోతి చెయ్యి పెట్టి, సుగుణ తినడానికి తెచ్చుకున్న అరటిపళ్లు లాక్కుపోయింది. గుట్ట మీది ఆంజనేయస్వామికి అక్కడి నుంచే దండం పెట్టుకున్నాను.

దారిలో సుగుణ ఇంకో మాట చెప్పింది. "నా పేరు డిటెన్షన్ లిస్టుల ఉన్నది మేడం. పత్తి టైంల నేను కాలేజీకి సరిగ్గ పోలే. హాజరు తక్కువైంది. ఈ సెమిస్టర్ పరీక్షకు కూసోనియ్యమన్నరు."

"నువ్వు ఎందుకు రాలేదో వాళ్లకు తెలుసా?"

"తెలుసు. గా పనే చూపెట్టుమని పోటీకి పిలిచిన్రు గద."

నా ఒళ్లో రాయి లేకపోతే లేచి నిలబడేదాన్ని.

ధర్మపురిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని గోదావరి మెట్ల వైపు వెళ్లాం. మా రాజమండ్రి వైపు గోదావరి చూసిన కళ్లకు ఇది మరో నది. నీళ్ల మధ్య బండలు, ఇసుక తిప్పలు, నడుములోతులో నిలబడి స్నానం చేసే జనం. గుడి దగ్గర చెప్పుల బల్ల ఆమెను రాయి చూస్తుండమని అడిగాను. "దాన్ని ఎవలెత్కపోతరమ్మా!" అంది.

మెట్ల పైన మిర్చి బండి. నాలుగు మిర్చీలు ఇరవై రూపాయలు. మా దగ్గర బజ్జీలో వాము పెడతారు, ఇక్కడ చింతపండు, నువ్వులు కూరారు. బండి యజమాని రాజన్న పదకొండేళ్లు దుబాయ్‌లో పనిచేసి తిరిగొచ్చి ఈ బండి పెట్టుకున్నాడట. సుగుణ భుజం మీది కాలేజీ బ్యాగు చూసి నవ్వాడు.

"మొన్న గీ కాలేజోళ్లే వచ్చిన్రు బిడ్డా. బస్సు నిండ. నా బండి చుట్టు నిలవడి ఫోన్లల్ల తీసుకున్నరు. నీ విజన్ ఏంది అన్నరు. కండ్లు మంచిగనే ఉన్నయ్ సార్, మొన్ననే చూపెట్టుకున్న అన్న."

సుగుణ పడీపడీ నవ్వింది.

"మిర్చీలు కొన్నారా?" అన్నాను.

"ఒక్కడు కొనలే. టైం లేదన్నరు. పిండి కలిపిన కాడికి పాడైంది." బూరెల మూకుడులోకి చూస్తూ అన్నాడు. "అడిగేటోళ్లు గిది అడగాలె గద. పొద్దుగాల ఎన్ని కిలోల పిండి కలుపుతవ్, వానొస్తే ఏం జేస్తవ్ అని. ఎవడూ అడగలే."

నేను రెండూ అడిగాను. అరగంట చెప్పాడు. గుడి తిథులు, బస్సుల వేళలు, ఎండ, మబ్బు అన్నీ లెక్కలోకి తీసుకుని ఆయన పిండి కలుపుతాడు. సుగుణ నా పుస్తకం చివరి ఖాళీ పేజీల్లో రాసుకుంది. ఆ పుస్తకంలో పనికొచ్చిన పేజీలు అవే.

ఉట్నూర్ అవతల

గోదావరి వంతెన దాటి లక్సెట్టిపేట, జన్నారం. ఆ పైన అడవి. టేకు ఆకులు దుమ్ము పట్టి ఎర్రగా ఉన్నాయి. ఉట్నూర్‌లో దిగి జీపు ఎక్కాం. పదిమంది పట్టే జీపులో పద్దెనిమిది మందిమి. నా ఒళ్లోని రాయి చూసి ఒకామె, "దేవునిదా?" అని అడిగి దండం పెట్టబోయింది.

సుగుణ వాళ్లు గోండులు. ఇంట్లో వాళ్ల భాష గోండి, నాకు ఒక్క ముక్క తెలియదు. గడపలో కాలు పెట్టకముందే వాళ్ల అవ్వ కాళ్లకు నీళ్లిచ్చి "రాం రాం" అంది. మా ఇంట్లో చుట్టం రాగానే మంచినీళ్లు తాగడానికిస్తాం. ఇక్కడ ముందు కాళ్లు కడుక్కోవాలి. ఆ తర్వాతే మాట. రాత్రి జొన్నరొట్టె, కందిపప్పు, పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ దంచిన ఠేచా. నాకు కళ్లలో నీళ్లొస్తుంటే వాళ్ల బాపు, అంటే నాన్న, బెల్లం ముక్క చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే సేటు వ్యాను వచ్చింది. ఊళ్లోవాళ్లు పత్తి సంచులు తెచ్చి వరసగా పెట్టారు. అందులో కొందరు ముందుగా సుగుణ దగ్గరకొచ్చారు, జోకి ఇవ్వమని. ముద్ర పడేదాకా జోకనని తను చేతులు జోడించి చెప్పింది. పోటీలో నవ్వినప్పుడు కూడా దించని తల, ఆ మాట చెప్పేటప్పుడు దించింది.

సేటు వేపకొమ్మకు కొక్కెం కాంటా వేలాడదీశాడు. నడివయసు మనిషి, నవ్వు మొహం. ముందు నిలబడింది మారుబాయి. అరవై దాటిన ఒంటరి మనిషి. ఆమె సంచి తగిలిస్తే ముప్పై ఐదు చూపించింది. మారుబాయి గోండిలో ఏదో గట్టిగా అంది.

"'నా వీపు మీద మోసుకొచ్చిన. నా వీపుకు తెల్వదా, నలభై ఉన్నది' అంటున్నది" అని సుగుణ నాకు చెప్పింది. తర్వాత ఇంట్లోకి వెళ్లింది. ఖదీర్ భాయ్ రాయిని రెండు చేతులా మోసుకుంటూ వచ్చింది.

"సేటు, జర ఆగుండ్రి. ముందుగాల గిదాన్ని జోకుండ్రి."

"ఏందది?"

"ఇరవై కిలోల బాటు. ముద్ర ఉన్నది, చూడుండ్రి. నా కాంటకు లేదన్నరు గద, అందుకే నా కాంట తీయలే. మీ దాంట్లనే జోకుదాం."

ఊరంతా చూస్తోంది. కాదనడానికి వీల్లేదు. రాయిని గోనెసంచిలో వేసి కొక్కేనికి తగిలించారు. ముల్లు పదిహేడున్నర దగ్గర ఆగింది.

సేటు నవ్వు అలాగే ఉంది గానీ మెడ మీద చెమట పట్టింది. "వ్యాన్ల ఊగి ఊగి జర ఖరాబైనట్టున్నది" అన్నాడు.

"అయితది సేటు. పరేషాన్ గాకుండ్రి" అంది సుగుణ, ఎంతో మర్యాదగా. "పదిహేడున్నరకు రెండున్నర కలిపి లెక్కగట్టుండ్రి. ఎవల్కి నష్టం లేదు. పత్తి మీకే ఇస్తరు."

అతను ఆలోచించాడు. ఒప్పుకోబోతున్నాడు, నాకది కనిపించింది కూడా. కానీ నాలుగు రోజులుగా లోపల మరుగుతున్నది ఆ నిమిషంలోనే పొంగింది. నేను ముందుకెళ్లి అరిచాను. సిగ్గు లేదా అన్నాను. ఎన్నేళ్లుగా తింటున్నావన్నాను. నీ కాంటాకు ముద్ర ఏదీ, చూపించు, నేనే కేసు పెడతానన్నాను. ఇంకా చాలా అన్నాను.

సేటు మొహంలో నవ్వు పోయింది. కాంటా దించాడు. "ఈ ఊర్ల పత్తి నాకొద్దు. మేడంకే అమ్ముకోండ్రి" అని వ్యాను ఎక్కి వెళ్లిపోయాడు.

దుమ్ము అణిగాక చూస్తే వరసగా సంచులు. వాటి పక్కన జనం, అందరి చూపూ నా మీదే. మారుబాయి నా ఎదురుగా వచ్చి నిలబడి, చెయ్యి ఊపుతూ చాలాసేపు మాట్లాడింది. సుగుణ తర్జుమా చేయడానికి ఇష్టపడలేదు. అడిగి చెప్పించుకున్నాను.

"'మేడంకు కోపం తీరింది. రేపు బస్సెక్కి పోతది. మా పత్తి ఏం జేయాలె?' అంటున్నది."

సుగుణ నన్ను ఓదార్చలేదు. తను అంతసేపూ కష్టపడి దారికి తెచ్చిన బేరాన్ని నేను చెడగొట్టాను. ఆ రోజంతా తను నాతో పెద్దగా మాట్లాడలేదు. ఇంటింటికీ తిరిగింది. సాయంత్రానికి ఐదిళ్ల వాళ్లను ఒప్పించి, ఉట్నూర్ నుంచి ఒక చిన్న ట్రక్కు మాట్లాడింది. అద్దె అందరూ పంచుకునేట్టు, పత్తి నేరుగా ఆదిలాబాద్ మార్కెట్‌కు తీసుకెళ్లేట్టు. "నువ్వు కూడ రా. నీ కండ్లతోని చూసుకో" అని మారుబాయిని కూడా బయల్దేరదీసింది. వాళ్ల ఊరి నుంచి ఆడవాళ్లు పత్తి వెంట మార్కెట్‌కు వెళ్లడం అదే మొదటిసారని వాళ్ల బాపు చెప్పాడు.

ఆదిలాబాద్

ట్రక్కులో డ్రైవరు పక్కన మారుబాయి, వెనక పత్తి మీద సుగుణ, నేను, కాంటా, రాయి. ఇంద్రవెల్లి దాటేసరికి నా చీర నిండా పత్తి అంటుకుంది.

ఆదిలాబాద్‌లో పొద్దున టిఫిన్ అంటే ఇడ్లీ కాదు, పోహా. అటుకుల్లో పల్లీలు, ఉల్లిపాయ, పైన సన్నని కారప్పూస. ఇరవై రూపాయల ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. పోహా బండివాడు ఒకే వాక్యంలో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ కలిపి మాట్లాడుతున్నాడు. ఎదుటివాళ్లూ అలాగే జవాబిస్తున్నారు.

మార్కెట్ యార్డులో బండ్ల వరసలో మూడు గంటలు నిలబడ్డాం. మారుబాయి సంచి కాంటా మీద పెట్టారు. నలభై కిలోల రెండు వందల గ్రాములు. ఆమె ఆ ఎర్ర అంకెల వైపు చూసి, తర్వాత తన వీపు మీద తనే రెండుసార్లు తట్టుకుంది. నా వైపు మాత్రం చూడలేదు.

తూనికల ఆఫీసులో పని మధ్యాహ్నానికి అయిపోయింది. అక్కడి ఉద్యోగి ఖదీర్ భాయ్ ఇచ్చిన రిపేరు కాగితం చూశాడు. తన రాళ్లు ఒక్కొక్కటీ పెట్టి పరీక్షించాడు. రుసుము కట్టించుకుని, సీసపు బిళ్ల మీద ముద్ర కొట్టి సర్టిఫికెట్ చేతికిచ్చాడు. "బీకాం చదువుతున్నవా? మీ కాలేజీల ఎవలూ చెప్పలేదా?" అని అడిగాడు. సుగుణ నా వైపు చూసి నవ్వింది. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు.

బస్టాండ్‌లో రాయి నాకిచ్చింది, ఖదీర్ భాయ్‌కి అప్పజెప్పమని.

"సుగుణా, ఊళ్లో నేను చేసింది తప్పు" అన్నాను.

"తప్పే మేడం" అంది. తర్వాత నా చీర మీది పత్తి ఏరుతూ, "కాని మా ఊర్లె మా కోసం గట్టిగ ఒర్రినోళ్లు ఇంతకుముందుగాల ఎవలూ లేరు" అంది.

మళ్లీ కరీంనగర్

ఖదీర్ భాయ్‌కి రాయి ఇచ్చి, ఆటోలో నేరుగా కాలేజీకి వెళ్లాను. గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. నిలువెత్తు సుగుణ, వేదిక మీద కాంటా పక్కన. పైన పెద్ద అక్షరాలతో, మా కళాశాల తీర్చిదిద్దిన యువ వ్యాపారవేత్త అని. కింద వచ్చే ఏడాది ప్రవేశాల కోసం ఫోన్ నంబర్లు.

ప్రిన్సిపాల్ గారు మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించి, టీ తెప్పించారు. నేను ఈసారి అరవలేదు. గేటు మీద ఉన్న పిల్లను పరీక్ష హాల్లోకి రానివ్వకపోవడం ఏమిటండీ అని అడిగాను.

"నిబంధన మేడం. హాజరు లేకపోతే మా చేతుల్లో ఏమీ లేదు."

"మీరు గోడల మీద రాసిన పనే కదా ఆ అమ్మాయి చేసింది!"

"అది వేరు, ఇది వేరు మేడం." కాసేపు ఆలోచించి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మీరు ఇంత దూరం వచ్చారు కాబట్టి చెబుతున్నాను. ఒక దారుంది. ఆ రోజుల్లో ఆరోగ్యం బాగాలేదని డాక్టరు దగ్గర కాగితం తెమ్మనండి. తేదీలు సరిగ్గా వేయించమనండి. మిగతాది మేం చూసుకుంటాం. అందరూ చేసేదే."

ఆయన నిజంగా సాయం చేస్తున్నాననే అనుకున్నారు. నాకు అదే ఎక్కువ మండింది. ఒళ్లు వంచి పని చేశానంటే హాజరు లేదు. మంచం పట్టానని అబద్ధం చెబితే హాజరు ఉంది. ఈ కాలేజీకి అది తప్పుగా తోచలేదు. మా కాలేజీలో నేనూ అలాంటి కాగితాలు ఎన్నో తీసుకున్నాను, తేదీలు కూడా చూడకుండా.

అయినా పిల్ల ఏడాది పాడవుతుందని, ఆయన ముందే సుగుణకు ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను. వెనక మనుషుల మాటలు, సంచులు లాగుతున్న చప్పుడు. విషయం చెప్పాను. ఇందులో తప్పేం లేదు, అందరూ చేసేదే అని, ఆయన మాటే నా నోటితో మళ్లీ చెప్పాను.

"నాకు రోగం రాలే మేడం" అంది. "పత్తి జోకిన. ఎందుకు రాలేదని అడిగితే గదే రాయమనుండ్రి సార్‌ను. మేడం, ఉంట మల్ల, లైన్‌ల మనుషులున్నరు."

ప్రిన్సిపాల్ గారు టీ కప్పు పక్కకు జరిపారు. నేను ఆయన బల్ల మీది తెల్లకాగితం ఒకటి తీసుకుని రాశాను. ఈ విద్యార్థిని తరగతులకు రాని రోజుల్లో ఫలానా పదకొండు ఊళ్లలో పత్తి జోకుతూ ఉన్నదని, ఆమెకు ఏ జబ్బూ చేయలేదని, ఆమె ఊరికి వెళ్లి, ఆ పనిని నమ్ముకున్నవాళ్లను చూసి వచ్చి రాస్తున్నానని. కింద సంతకం పెట్టి, వ్యవస్థాపకత పాఠ్యపుస్తక రచయిత్రి అని కూడా రాశాను. ఆ మాట రాయడానికి అర్హత ఉందని ఈ ప్రయాణం మొత్తంలో నాకు అనిపించింది అప్పుడొక్కసారే. కాగితం ఆఫీసులో ఇచ్చి, అందినట్టు రసీదు అడిగాను. గుమాస్తా రెండుసార్లు చదివి తలెత్తాడు.

"మేడం, దీన్ని ఏ ఫైల్ల పెట్టాలె? సిక్ లీవుకు ఉన్నది, పెండ్లిళ్లకు ఉన్నది. గీ పని చేసినోళ్లకు ఫైల్ లేదు."

"కొత్తది తెరవండి" అన్నాను.

తెరిచాడో లేదో తెలియదు. ఆ సెమిస్టర్ సుగుణకు పోయింది. వచ్చే ఏడాది జూనియర్లతో కూచుని రాస్తుంది. జోకే ఊళ్లు ఈ మధ్య పద్నాలుగయ్యాయి.